సహజ కవచకుండలాల సాఫ్ట్‌వేర్

మొన్న ఫోన్‌లో ఎప్పుడూ వాడని ఒక యాప్‌ను పీకేద్దామని చూస్తే 'అన్‌ఇన్‌స్టాల్' అన్న మాట బూడిదరంగులో నీరసంగా పడుంది. నొక్కినా పలకదు. అది సిస్టమ్‌లో భాగమట! ఎవరి యాపో చెప్పను, మీ చేతిలో ఉన్నదీ అలాంటిదే కదా.

ఈ 'భాగం' గారికి పెద్ద చరిత్రే ఉంది. 1998లో అమెరికా న్యాయశాఖ, 20 రాష్ట్రాలు కలిసి మైక్రోసాఫ్ట్‌ను గుత్తాధిపత్యాన్ని అడ్డుకునే 1890 నాటి షెర్మన్ చట్టం కింద కోర్టుకీడ్చినప్పుడు ఆ కంపెనీ వాదనా ఇదే. వెబ్‌సైట్లు చూసే మా బ్రౌజర్ ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ విండోస్‌కు సహజ కవచకుండలాలు, కోస్తే మనిషి మిగలడు. (విండోస్ 95ను దుకాణాల్లో మొదట అమ్మిన పెట్టెలో ఈ కవచం లేనే లేదు, ప్లస్ అనే వేరే ప్యాక్‌లో పెట్టి అమ్మారు. దాని కోడ్‌కు మూలం స్పైగ్లాస్ అనే కంపెనీ నుంచి లైసెన్సు మీద తెచ్చుకున్నది. కర్ణుడు కవచం అద్దెకు తెచ్చుకున్నాడని మాత్రం నేనెక్కడా వినలేదు.)

ప్రిన్స్‌టన్ ప్రొఫెసర్ ఎడ్వర్డ్ ఫెల్టెన్ చిన్న ప్రోగ్రాం రాసి ఆ కవచాన్ని ఊడదీసి చూపించాడు. దానికి జవాబుగా 1999 ఫిబ్రవరిలో కంపెనీ కోర్టులో వీడియో వేసింది. చూడండి ధర్మప్రభువులూ, కవచం కోసేసరికి మా బిడ్డ ఎలా కాళ్ళీడుస్తున్నాడో, ఎలా మూలుగుతున్నాడో! అందరూ కళ్ళు తుడుచుకోవాల్సిన ఘట్టం. ప్రభుత్వ లాయర్ డేవిడ్ బోయిస్ మాత్రం తెర మీద టైటిల్ బార్ (విండో నెత్తిన పేరుండే పట్టీ) చూపించి, ఇదేంటండీ, ఇక్కడ లెక్క కుదరట్లేదే అన్నాడు. తీగ లాగితే డొంకంతా కదిలింది, వీడియోలో ఉన్నది ఒక కంప్యూటర్ కాదట! రోగి ఒకడు, మూలుగు ఇంకొకడిది. సాక్షి బోనులో ఉన్నది చిన్న గుమాస్తా కూడా కాదు, సీనియర్ వైస్ ప్రెసిడెంట్ జిమ్ ఆల్చిన్. లోకంలో సగానికి పైగా కంప్యూటర్లు నడిపే కంపెనీకి ఒక్క కంప్యూటర్ మీద ఒక్క వీడియో తిన్నగా తీయడం చేతకాలేదు.

2000 జూన్‌లో కంపెనీని రెండు ముక్కలు చేయమని జడ్జి ఆదేశించారు. 2001లో అప్పీలు కోర్టు, గుత్తాధిపత్యాన్ని అక్రమంగా నిలబెట్టుకున్న మాట నిజమే, ముక్కలు మాత్రం వద్దు అంది. నిజమేనట! మరి ఈ గొడవలో నలిగిన పోటీ బ్రౌజర్ కంపెనీ నెట్‌స్కేప్? దాన్నప్పటికే ఏఓఎల్ అనే ఇంటర్నెట్ కంపెనీ కొనేసుకుంది. ఊపిరాడనప్పుడు రాని తీర్పు తర్వాత ఎన్ని వందల పేజీలు వస్తే ఎవడికి కావాలి?

యూరప్ వాళ్ళు 2004లో 49.7 కోట్ల యూరోలు జరిమానా వేసి, పాటలు, వీడియోలు ఆడించే మీడియా ప్లేయర్ లేని విండోస్ కూడా అమ్మమన్నారు. అమ్మారు, అదే ధరకి! తర్వాత బ్రౌజర్ ఎంచుకునే తెర పెట్టమంటే పెట్టి, 2011-12లో కోటిన్నర మందికి అది కనబడకుండా చేశారు. సాంకేతిక పొరపాటట. పొరపాటు ఒక్కసారైనా అవతలివాడికి లాభంగా జరగదేం? 2013లో దానికి 56.1 కోట్ల యూరోలు కట్టారు.

చివరికి 2022 జూన్ 15న ఎక్స్‌ప్లోరర్‌కు వాళ్ళే సెలవిచ్చేశారు, పాత సైట్ల కోసం తమ కొత్త బ్రౌజర్ ఎడ్జ్‌లో కాస్త ఎముక మిగిల్చి. ఇంద్రుడెవరూ వచ్చి అడగలేదు. నెత్తురు చుక్క రాలలేదు. మర్నాడు విండోస్ మామూలుగానే లేచి, మామూలుగానే అప్‌డేట్ అడిగింది.