మా గోడ మీద కృష్ణమ్మ

కలిసి బొమ్మ గీస్తే మనసులు కలుస్తాయని నిపుణులు సెలవిచ్చారు. నిపుణుల మాట జవదాటే అలవాటు బెంగళూరులోని మా అపార్ట్‌మెంట్ సంఘానికి లేదు. ట్యాంకరు నీళ్ల ఖర్చు తలకింతా, ఇంటికింతా అన్న తగాదాతో రెండు బ్లాకులవాళ్లం లిఫ్టులో ఎదురైతే ఫోను చూసుకునే దశకు చేరాం. సయోధ్య కోసం అందరం కలిసి ప్రహరీగోడ మీద ఒక నదిని చిత్రించాలని తీర్మానించాం. కుళాయిలో నీళ్లు లేవు గానీ గోడ మీద నది ఎందుకని అడిగినాయనకు కళాహృదయం లేదని తీర్మానాల పుస్తకంలోకి ఎక్కించాం.

ఎవరో కావేరి అన్నారు. తమిళ, కన్నడ కుటుంబాలు ఒక్కసారే లేచి నిలబడ్డాయి. తెలుగువాళ్లం పెద్దరికం వహించి కృష్ణను ప్రతిపాదించాం. పెద్దరికం అక్కడితో సరి.

నీలిరంగు 20 లీటర్లు వచ్చింది. కృష్ణా జలాలు పంచిన బచావత్ ట్రిబ్యునల్ ఉమ్మడి రాష్ట్రానికిచ్చిన 811 టీఎంసీలను 2015లో 512, 299గా పంచుకున్నారు కనుక రంగూ అలాగే పంచాలన్నారు విజయవాడవారు. అంటే 12.6 లీటర్లు వారికి, 7.4 నల్గొండవారికి. అది తాత్కాలిక ఏర్పాటన్న సంగతి మరిచారా అంటూ నల్గొండవారు కుంచెలు కింద పెట్టారు. ఈలోగా కృష్ణ పుట్టిన మహాబలేశ్వరం తమ వైపుదని నాలుగో అంతస్తు పుణె దంపతులు మొదటి గీత హక్కు కోరారు. ఆల్మట్టి ఆనకట్ట దగ్గర స్టూలు ఎత్తు పెంచుకుంటామని కన్నడ పొరుగువారు ప్రకటించారు. ఎత్తు పెంచితే దిగువకు రంగు దిగదని తెలుగువాళ్లమంతా ఏకమయ్యాం. మా చేత బొమ్మ గీయిస్తున్న కార్యశాల ఆవిడ చప్పట్లు కొట్టారు. ఆ ఐక్యత పది నిమిషాలు నిలిచింది. మా చరిత్రలో అది తక్కువేమీ కాదు.

బొమ్మ పూర్తయింది. అది నది అనడానికి ఆధారం కింద రాసిన పేరొక్కటే. ఆ పేరు ఏ లిపిలో రాయాలన్న తగవు జోలికి ఇప్పుడు పోను.

అప్పుడు నాకు మా ఊరి హలసూరు చెరువు దగ్గరి తమిళ కవి తిరువళ్లువర్ గుర్తుకొచ్చాడు. 1991లో నిలబెట్టిన విగ్రహాన్ని ఆవిష్కరించింది 2009 ఆగస్టులో. నాలుగు రోజులకే చెన్నై అయనావరంలో కన్నడ కవి సర్వజ్ఞుడు వెలిశాడు. రెండు పాదాల కవికి మూడు పాదాల కవి చెల్లు. (నాలుగు పాదాల వేమన్నను ఈ బేరంలో ఎవరూ అడగలేదు, ఆయనకూ పట్టలేదు.) లోకం ముసుగు తీసిన రోజును మెచ్చుకుంటుంది. నా పరిశోధన మాత్రం ముసుగున్న 18 ఏళ్ల మీద. కనిపించని కళ ఎవరినీ నొప్పించదు.

గోడకు టార్పాలిన్ కప్పించాను. ఇప్పుడు విజయవాడవారు దాని వెనక ప్రకాశం బ్యారేజీని చూస్తున్నారు, నల్గొండవారు నాగార్జునసాగర్‌ను, పిల్లలు మొసలిని. మొన్నటి గాలివానకు అది ఒక మూల చిరిగింది. అత్యవసర సమావేశం పెట్టి కొత్తదానికి చందా అడిగితే అరగంటలో మొత్తం వసూలైంది. ట్యాంకరు డబ్బులు ఆరు నెలలుగా బాకీ ఉన్నవారు కూడా ఇచ్చారు.