సవరణ: 100 మిల్లీమీటర్లు రోజుకు కాదు, గంటకు
ఉత్తరాఖండ్ కొండ ఊళ్లలో జనమే వాన కొలిచి రాసుకోవడం గురించి నిన్న పెట్టిన పోస్టులో, రోజుకు 100 మిల్లీమీటర్లు పడితే క్లౌడ్‌బరస్ట్ (ఒకేచోట ఒక్కసారిగా కురిసే కుండపోత) అన్నాను. తప్పు. వాతావరణ శాఖ లెక్కలో అది గంటకు 100. రోజంతా కలిపి 64.5 దాటితే భారీ వర్షం.

ఈ తేడా చిన్నదేం కాదు. ఉదయం ఎనిమిదిన్నరకు ఒక్కసారి చూసి రాసే అంకె, గంటలో కురిసిన కుండపోతను విడిగా చూపించదు. వాన పడుతుండగానే మధ్యమధ్యలో వాన కొలిచే గొట్టం చూడాలి (రాత్రిపూట ఎవరు చూస్తారన్నది వేరే టెన్షన్). అలాగని రోజువారీ లెక్క దండగ కాదు. నాలుగైదు రోజుల ముసురుకు నానిన కొండవాలు ఆ తర్వాత మామూలు వానకే జారొచ్చు.

2013 కేదార్‌నాథ్ విపత్తుకు క్లౌడ్‌బరస్ట్ ఒక్కటే కారణమన్న వాక్యం కూడా తీసేశాను. ఎడతెగని వానతో పాటు పైనున్న చోరాబారీ సరస్సు గట్టు తెగింది.