సవరణ: రక్తనాళాన్ని బిగించేది సోడియం కాదు, కాల్షియం

రక్తపోటు మీద ఇదివరకు పెట్టిన టపాలో "సోడియం రక్తనాళాల కండరాన్ని బిగిస్తుంది" అని ఉంది. ఆ వాక్యాన్ని మార్చాను. బిగించేది కాల్షియం; సోడియం దాని రాకపోకల మీద ప్రభావం చూపుతుంది.

రక్తనాళం గోడలో ఉండే నునుపు కండర కణం విశ్రాంతిలో ఉన్నప్పుడు దాని లోపల స్వేచ్ఛగా ఉండే కాల్షియం, బయటితో పోలిస్తే సుమారు 10,000 రెట్లు తక్కువ. అది పెరిగి కాల్మాడ్యులిన్ అనే ప్రోటీన్‌తో కలిస్తే సంకోచం మొదలవుతుంది. కణపొరలోని ఒక ప్రోటీన్ 3 సోడియం అయాన్లను లోపలికి రానిచ్చి 1 కాల్షియం అయాన్‌ను బయటికి పంపుతుంది. సోడియాన్ని కణం బయటికి తోసే సోడియం-పొటాషియం పంపు మందగించి లోపల సోడియం పేరుకుంటే ఈ మార్పిడి నెమ్మదిస్తుంది, ఒక్కోసారి తిరగబడుతుంది కూడా. కాల్షియం లోపలే నిలిచిపోతుంది, నాళం బిగుసుకుంటుంది. గుండె కండరం మీద డిజాక్సిన్ అనే గుండెజబ్బు మందు పనిచేసే దారి కూడా ఇదే.

"అయితే పాలు, కాల్షియం మాత్రలు మానేయాలా?" అని శ్రీకాకుళం నుంచి ఒక పాఠకురాలు అడిగారు. వద్దమ్మా. రక్తంలోని కాల్షియాన్ని పారాథైరాయిడ్ హార్మోన్ అదుపులో ఉంచుతుంది. కణంలోకి ఎంత వెళ్లాలన్నది పొరలోని ద్వారాల చేతిలో ఉంది. మీ జిల్లాలోని ఉద్దానంలో మూత్రపిండాల జబ్బుతో బాధపడుతున్నవారు మరీ జాగ్రత్తగా ఉండాలి: టపా చదివి ఏ మాత్రా ఆపకండి, మీ వైద్యుణ్ణి అడగండి. ఉప్పు తగ్గించమని ఆ పాత టపాలో చెప్పిన మాటలో మాత్రం మార్పు లేదు.