మహారాజశ్రీ గుయ్ గారికి

మహారాజశ్రీ గుయ్ గారి సముఖానికి, హైదరాబాదులో పది బై పదకొండు అడుగుల పడగ్గదిలో మీతోపాటు కాపురముంటున్నవాడు నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి. మేమిక్కడ క్షేమం. మీరు క్షేమమా అని వేరే అడగక్కర్లేదు, మంచం పక్క స్పీకర్లోంచి వినపడుతూనే ఉన్నారు.

మీరు మా ఇంటికి వేంచేసి నాలుగు నెలలైంది. పిలవని చుట్టానికి కూడా ఎవరైనా మూడు రోజులు మర్యాద చేస్తారు. మీకు జరిగిన మర్యాదల తాలూకు లెక్క కాగితమ్మీద రాసిపెట్టాను, కింద మనవి చేసుకుంటాను.

అసలు తప్పు నాదే. 2010లో మా బావ అమెరికా నుంచి వస్తూ ఒక ఐపాడ్ క్లాసిక్ తెచ్చిచ్చాడు. 160 జీబీ, నలభై వేల పాటలు పడతాయన్నాడు. అన్ని పాటలు వినాలంటే ఇంకో జన్మెత్తాలి కాబట్టి నేను మూడు వేలతో సరిపెట్టుకున్నాను. లోపల బుల్లి హార్డ్ డిస్కు తిరుగుతుంది, చెవి దగ్గర పెట్టుకుంటే సన్నటి గరగర. కంపెనీవాళ్ళు 2014లో ఆ మోడల్ అమ్మడమే మానేశారు గానీ మా బీరువాలో అది నిక్షేపంలా ఉంది. ఈ వయసులో చెవుల్లో రబ్బరు బుడిపెలు పెట్టుకుంటే దురద, పైగా మా ఆవిడ మూడుసార్లు పిలిస్తే గానీ వినపడదు (ఇది లాభమో నష్టమో ఈ లేఖలో తేల్చను). అందుకని ఆ ఐపాడ్ చుట్టూ చౌకలో ఒక స్టీరియో కట్టుకుందాం, పడుకోబోయే ముందు నాలుగు పాటలు వినిపిస్తే చాలు అనుకున్నాను. ఆ "చౌకలో" అన్న ముక్క గోడలోని వైర్లో కూర్చుని మీరు విన్నట్టున్నారు.

కోఠీ గుజరాతీ గల్లీకి వెళ్ళాను. ఎల్‌ఏ4440 ఆంప్ బోర్డు, అంటే పాటని పెద్దది చేసి స్పీకర్లకి పంపేది, ఒకటి కొన్నాను. కార్లలో టేపు రికార్డర్ల కోసమని ఒకప్పుడు శాన్యో వాళ్ళు చేసిన చిప్పు అది, ఒక్కోవైపు 6 వాట్లు. మా అన్నయ్య కొడుకు విని నవ్వాడు. "పన్నెండు వాట్లేనా బాబాయ్? మా హోమ్ థియేటర్ 3000 వాట్లు, అట్టపెట్టె మీదే రాసుంది" అన్నాడు. రాసుంది నిజమే, పక్కన పీఎంపీవో (అమ్మేవాళ్ళు ఊహించి రాసుకునే గరిష్ఠ వాట్లు) అని కూడా ఉంది. దాని అడాప్టర్ తిప్పి చూస్తే 12 వోల్టులు, 2 ఆంపియర్లు. గుణిస్తే 24 వాట్లు. మిగతా 2976 దేవుడి దయ అనుకోవాలి.

మన మొదటి పరిచయం మీకు గుర్తుండే ఉంటుంది. షాపు కుర్రాడు బోర్డుకి కరెంటిచ్చి, ఇన్‌పుట్ వైరు కొసని వేలితో ముట్టుకున్నాడు. టేబుల్ మీది స్పీకరు "గుర్ర్" అంది. వాడు తల ఎగరేసి, "సూడన్నా, మస్తు పన్జేస్తుంది" అన్నాడు. ఆంప్ బతికుందో చచ్చిందో వాళ్ళు చూసేది అలాగే. మనిషి ఒళ్ళే ఏరియల్, గదిలో తిరిగే కరెంటు వాసనంతా వేలిలోంచి లోపలికి పోతుంది. అక్కడ మీరు పలికితే శుభసూచకం! నేను సంతోషించి డబ్బులిచ్చి మిమ్మల్ని సంచీలో వేసుకుని వచ్చాను. పెళ్ళిచూపుల్లో అమ్మాయి పాడిందని మురిసిపోయినవాడు తర్వాత ఫిర్యాదు చెయ్యకూడదు, ఒప్పుకుంటాను.

స్పీకర్లు ఎర్రగడ్డ ఆదివారం సంతలో దొరికాయి. ఆరంగుళాలవి రెండు, కవలలని అమ్మాడు. ఇంటికొచ్చి వెనక చూస్తే ఒకటి 4 ఓమ్‌లు, రెండోది 8. తక్కువ ఓమ్‌లది ఎక్కువ మోగుతుంది కాబట్టి మా ఇంట్లో ఏ గాయని పాడినా బీరువా వైపుకి జరిగి నిలబడుతుంది. బోర్డుకి బ్యాలెన్స్ మీట లేదు. అందుకని మంచాన్ని కిటికీ వైపుకి జరిపాం. పెట్టెల బదులు మా ఊళ్ళో చేసినట్టు మట్టికుండ మూతి మీద స్పీకరు బిగిద్దామనుకున్నాను, కింది స్థాయి భలే పలుకుతుంది. "పడగ్గదిలో కుండా? శుభమా అని!" అంది మా ఆవిడ. వడ్రంగి వదిలేసిన ప్లైవుడ్ ముక్కలతో సరిపెట్టాను. వైర్లు బిగించే ముందు మాత్రం ఒక్కో స్పీకరుకీ పెన్సిల్ సెల్లు ఆనించి చూశాను. అట్ట బయటికి ఉబికితే సెల్లు ప్లస్ తగిలిందే స్పీకరు ప్లస్. రెండూ ఒకేసారి ముందుకి రాకపోతే ఒకటి తోసిన గాలిని రెండోది లాగేస్తుంది, డప్పు కాస్తా అప్పడమైపోతుంది. ఇంత జాగ్రత్తపరుణ్ణి, మిమ్మల్ని ఎందుకు కనిపెట్టలేకపోయానో!

మొదటి రాత్రి స్విచ్ వేశాను. పాట కంటే ముందు మీరొచ్చారు.

"ఫ్రిజ్జు ఇక్కడికి తెచ్చారా?" అంది మా ఆవిడ, కళ్ళు తెరవకుండానే.

మీ శ్రుతిజ్ఞానానికి వంక పెట్టను. గోడలో కరెంటు సెకనుకి 50 సైకిళ్ళది. దాన్ని ఒకే దిక్కుకి మళ్ళించే డయోడ్లు దాటేసరికి అది సెకనుకి 100 కుదుపులవుతుంది. అంటే ఐదో శ్రుతి, పిసరు పైన. అమెరికాలో మా బావింట్లో మీ దాయాదులు 60 మీద ఉంటారు కాబట్టి వాళ్ళది ఇంకాస్త పై శ్రుతి. తంబూరా కొనే స్తోమత లేనివాడికి మీరు ఉచితంగా వచ్చారనుకుందామన్నా చిక్కే, ఆ పిసరు వల్ల ఏ కీర్తనా మీతో కలవదు. రాగం మొదలెట్టగానే మీరొకవైపు, విద్వాంసులొకవైపు లాగుతారు.

ఇక వైద్యం. ఆ కుదుపుల్ని నున్నగా చేసే 1000 మైక్రోఫారడ్ కండెన్సర్ తీసి 4700ది వేశాను. మీరు సగమయ్యారు. ట్రాన్స్‌ఫార్మర్ పక్కనుంచి పోతున్న మామూలు వైరు పీకేసి, చుట్టూ జాలీ ఉన్న షీల్డు వైరు దూరంగా తిప్పి వేశాను. అందులో సగమయ్యారు. షాపు కుర్రాడు ఫోన్లో ఇంకో చిట్కా చెప్పాడు: ప్లేయర్లో వాల్యూమ్ ముప్పావు దాకా పెంచి, ఆంప్‌లో తగ్గించుకోమన్నాడు. నేను అప్పటిదాకా తిరగేసి చేస్తున్నాను, పాటని గుసగుసగా పంపి మిమ్మల్ని మైకులో మాట్లాడించినట్టు. ఇన్ని నెలల్లో నాకు దొరికిన మంచి సలహా అదొక్కటే, దానికి వాడు పైసా తీసుకోలేదు.

ఎదురింటాయన మాత్రం "అంతా ఎర్తింగ్ లోపమండీ" అన్నారు. నిజంగానే మా సాకెట్లో మూడో రంధ్రానికి లోపల వైరే లేదు. కంప్యూటర్ డబ్బా ముట్టుకుంటే చిమచిమలాడేది అందుకేనట. ఎలక్ట్రీషియన్ వచ్చి 900 తీసుకుని ఎర్తు కలిపాడు. చిమచిమ పోయింది. ఆ రాత్రి ఐపాడ్‌ని కంప్యూటర్‌కి తగిలించి చార్జింగ్ పెడుతూ పాట వేస్తే, మీరు మునుపెన్నడూ లేనంత పుష్టిగా దర్శనమిచ్చారు! ఆంప్‌కి ఒక ఎర్తు, కంప్యూటర్‌కి ఒక ఎర్తు, మధ్యలో ఆడియో కేబుల్. ప్రదక్షిణ చెయ్యడానికి మీకు దారి పూర్తయింది, ఆ దారి వేయించింది నేను, కూలి కూడా నాదే. ఎర్తు పిన్ను విరిచేయమని ఇంకొకాయన సలహా. ఆ పని చేస్తే రేపు ట్రాన్స్‌ఫార్మర్లో ఏదైనా తేడా వచ్చిన రోజున పోయేది మీరు కాదు, నేను. 350 పెట్టి ఆ దారిని తెంపే ఐసొలేటర్ తెచ్చి ఆడియో కేబుల్ మధ్యలో పెట్టాను, లోపల బొటనవేలంత ట్రాన్స్‌ఫార్మర్లు రెండుంటాయి. మీరు వెళ్ళిపోయారు, పోతూ పోతూ మృదంగంలో ఎడమచేతి దెబ్బ కూడా పట్టుకుపోయారు.

ఫ్యాను సంగతి కూడా చెప్పాలి. రెగ్యులేటర్ 5 మీద ఉంటే మీరు శాంతమూర్తి. 2 మీద పెడితే గొంతు జీరబోయి "జ్ర్ర్" అంటారు. తెల్లవారుజామున మా ఆవిడకి చలి, 2 మీద పెడుతుంది. నేను 5 చేస్తాను. ఇరవై ఆరేళ్ళ కాపురంలో రాని గొడవ రెగ్యులేటర్ దగ్గర వచ్చింది. పాత ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్ కరెంటుని ముక్కలుగా తరిగి పంపుతుందని తెలిశాక, 280 పెట్టి కండెన్సర్ రకం రెగ్యులేటర్ వేయించాను. ఇంట్లో శాంతి ఆ ధరకి చవకే.

ఇప్పుడు లెక్క. బోర్డు 220, ట్రాన్స్‌ఫార్మర్ 380, స్పీకర్లు 450, వైర్లూ ప్లగ్గులూ 90, రెక్సిన్ 40. స్టీరియో మొత్తం 1,180 రూపాయలు. కండెన్సర్ 60, షీల్డు వైరు 140, ఎర్తింగ్ 900, ఐసొలేటర్ 350, రెగ్యులేటర్ 280. మీ మర్యాద 1,730. ఇంటి కంటే చుట్టానికే ఎక్కువైంది.

చివరికి మందు ఏమిటంటే, పాట వినేటప్పుడు చార్జింగ్ కేబుల్ తీసెయ్యడం. అంతే. పగలు చార్జింగ్, రాత్రి బ్యాటరీ మీద పాట. ఐసొలేటర్ సొరుగులో పడుంది. ఇది మొదటి రోజే తట్టి ఉంటే మన అనుబంధం ఇంత పెరిగేది కాదు.

పూర్తిగా వెళ్ళారని అనను. స్పీకరు అట్టకి చెవి ఆనిస్తే ఉన్నారు, సన్నగా, ముక్కుతో పాడినట్టు. రోజూ పడుకునే ముందు ఒకసారి వంగి చూసుకుంటున్నాను. పాట నడుస్తుంటే ఆపి మరీ చూస్తున్నాను. మొన్న మా ఆవిడ దుప్పటి తీసి అడిగింది, "మీరు పాట వింటున్నారా, దాన్ని వింటున్నారా?" అని. జవాబు ఆలోచించుకుని చెప్తానన్నాను.

ఇట్లు,
మీ పోషకుడు

తా.క.: నిన్న రాత్రి ఆంప్ ఆపేశాను. ప్లగ్గు కూడా పీకేశాను. అయినా చెవి పక్కనే వినిపిస్తుంటే లేచి కూర్చుని, టార్చిలైటుతో వైర్లన్నీ మళ్ళీ ఒకసారి తడిమి చూసి, మీ గురించి అనరాని మాటలన్నాను. క్షమించాలి. అది దోమ.