ఫిజిక్స్‌లో తగ్గితే సీటు పోదు

నీట్ ఫలితాలు వచ్చిన సాయంత్రం ఎన్నో ఇళ్లల్లో ఒకే మాట నడుస్తుంది. బయాలజీ బాగానే వచ్చింది, కెమిస్ట్రీ ఫర్వాలేదు, ఫిజిక్స్ చూస్తే ఇలా ఉంది, ఇంత ఎగుడుదిగుడుగా వస్తే సీటు ఇస్తారా అని. మంచి టోటల్ వచ్చిన పిల్లలు కూడా ఈ ఒక్క వరుస చూసుకుని ఏడుస్తున్నారు. పెద్దవాళ్ల సంగతి చెప్పక్కర్లేదు, చుట్టాల పిల్లలకు ఫిజిక్స్‌లో ఎంతెంత వచ్చాయో ఫోన్లు చేసి కనుక్కుని మరీ టెన్షన్ పడుతుంటారు. అందుకే ముందు సూటిగా చెప్పేస్తాం. ఎంబీబీఎస్ సీటు విషయంలో ఒక సబ్జెక్టులో మార్కులు తగ్గినందుకు విడిగా జరిగే నష్టం ఏమీ లేదు. తగ్గిన మార్కులు టోటల్‌లో తగ్గుతాయి, అంతవరకే. ఆపైన ఆ సబ్జెక్టు పేరు చెప్పి మిమ్మల్ని వెనక్కి నెట్టే నిబంధన ఎక్కడా లేదు.

లెక్క వేసి చూద్దాం. నీట్‌లో 180 ప్రశ్నలు, 720 మార్కులు. ఫిజిక్స్‌కు 180, కెమిస్ట్రీకి 180, బయాలజీకి 360. సరైన జవాబుకు నాలుగు మార్కులు, తప్పు జవాబుకు ఒక మార్కు కోత. స్కోరు కార్డులో మూడు సబ్జెక్టులకూ విడివిడిగా పర్సంటైల్ (రాసినవాళ్లలో నూటికి ఎంతమంది మీ వెనక ఉన్నారో చెప్పే అంకె) వేస్తారు, కింద టోటల్, ఆలిండియా ర్యాంకు ఇస్తారు. కౌన్సెలింగ్ చేసేది వరంగల్‌లోని కాళోజీ యూనివర్సిటీ అయినా, విజయవాడలోని ఎన్టీఆర్ యూనివర్సిటీ అయినా, ఆలిండియా కోటా చూసే ఎంసీసీ అయినా పట్టించుకునేది ఆ చివరి ర్యాంకునే.

ఇద్దరమ్మాయిలకు చెరో 490 వచ్చాయనుకోండి. ఒకమ్మాయికి బయాలజీ 330, కెమిస్ట్రీ 120, ఫిజిక్స్ 40. రెండో అమ్మాయికి బయాలజీ 260, కెమిస్ట్రీ అదే 120, ఫిజిక్స్ 110. చూడ్డానికి రెండో కార్డే కుదురుగా ఉంటుంది, చుట్టుపక్కల వాళ్లు మెచ్చుకునేదీ దాన్నే. కానీ టోటల్ సమానమైనప్పుడు ఎవరికి పై ర్యాంకు ఇవ్వాలో తేల్చడానికి పరీక్ష నడిపే సంస్థ ఎన్‌టీఏ మొదట చూసేది బయాలజీ, తర్వాత కెమిస్ట్రీ, ఆ తర్వాతే ఫిజిక్స్. అంటే ఫిజిక్స్‌లో 40 వచ్చిన అమ్మాయే ముందుంటుంది. ఒకే టోటల్ దగ్గర వందల మంది నిలబడే పరీక్షలో ఆ తేడా వల్ల కాలేజీ మారిపోవచ్చు, ఒక్కోసారి సీటే చేతికి రావచ్చు.

మరి ఇంత భయం ఎక్కణ్నుంచి వచ్చింది? చాలావరకు కోచింగ్ క్యాంపస్‌ల నుంచే వచ్చిందని మా అభిప్రాయం. వారం వారం పెట్టే టెస్టుల మార్కులు సబ్జెక్టులవారీగా బోర్డుకు అంటిస్తారు, వాటిని బట్టి సెక్షన్లు మారుస్తారు, పేరెంట్స్ మీటింగ్‌లో పదిమంది ఎదుట "మీవాడు ఫిజిక్స్ వీక్ అండీ" అని ఒక ముద్ర వేసి పంపిస్తారు. ఆ ముద్ర ఇక పోదు. రెండేళ్లయ్యాక, నీట్ మళ్లీ రాసేవాళ్ల కోసం నడిపే లాంగ్‌టర్మ్‌లో చేరినా అదే మాట వెంట వస్తుంది. ఏ సబ్జెక్టులో ఎక్కడ పోతోందో చెప్పడం మంచిదే, అది టీచర్ పని. ఆ బలహీనతను పిల్లవాడి తెలివికి కొలబద్దగా చేసి, అది సరిచేసుకోకపోతే డాక్టరు కాలేవని పదిహేడేళ్ల వయసులో నమ్మించడం మాత్రం అన్యాయం.

పైగా ఆ బలహీనత పిల్లల్లో పుట్టింది కాదు. బైపీసీ తీసుకున్న రోజునే మన పిల్లలు లెక్కల పుస్తకం మూసేస్తారు. పదో తరగతి లెక్కలతో ఆగిపోయిన పిల్ల ఇంటర్ ఫస్టియర్ ఫిజిక్స్‌లోకి రాగానే వెక్టర్లు, డిఫరెన్షియేషన్, ఇంటిగ్రేషన్ ఎదురవుతాయి. పక్క గదిలో ఎంపీసీ వాళ్లకు అవన్నీ మ్యాథ్స్ లెక్చరర్ దగ్గరుండి చేయిస్తారు, బైపీసీ వాళ్లకు ఫిజిక్స్ లెక్చరరే ఒకటి రెండు క్లాసుల్లో నాలుగు ఫార్ములాలు బోర్డు మీద రాసి, ఇవి గుర్తుపెట్టుకోండి అని ముందుకు వెళ్లిపోవాల్సి వస్తుంది. కదులుతున్న వస్తువు స్థానానికి ఒక సమీకరణం ఇచ్చి రెండో సెకను చివర దాని వేగం ఎంత అని అడిగారనుకోండి, డిఫరెన్షియేషన్ చేతికి వచ్చినవాళ్లకు అది అర నిమిషం పని. రానివాళ్లు మూడు నిమిషాలు కుస్తీపట్టి, ఆఖరికి ఏదో ఒక ఆప్షన్ దిద్దేసి, ఒక మార్కు పోగొట్టుకుని బయటపడతారు. ఇక ప్రభుత్వ జూనియర్ కాలేజీల్లో ఫిజిక్స్ పోస్టు ఖాళీగా ఉండి, గెస్ట్ లెక్చరర్ వచ్చేసరికి సగం ఏడాది గడిచిపోయే చోట చదివిన పిల్లల గురించి వేరే చెప్పాలా? బయాలజీ పుస్తకం ముందేసుకుని సొంతంగా చదువుకోవచ్చు, ఎన్‌సీఈఆర్‌టీలో వాక్యం వాక్యం నమిలేయొచ్చు. ఫిజిక్స్ అలా రాదు, దగ్గర కూర్చుని తప్పు ఎక్కడ జరిగిందో చూపించే మనిషి ఉండాలి. కాబట్టి స్కోరు కార్డులో ఎగుడుదిగుడు కనిపిస్తే అందులో సగం ఆ పిల్లకు ఎవరు పాఠం చెప్పారు, ఎవరూ చెప్పలేదు అన్న సంగతే కనబడుతోందని అనుకోవాలి.

2025 మే 4న జరిగిన నీట్‌లో ఫిజిక్స్ ఎంత గట్టిగా వచ్చిందో రాసినవాళ్లకు తెలుసు. టాప్ స్కోరే 686 దగ్గర ఆగింది. అంతకు ముందు ఏడాది 162గా ఉన్న జనరల్ కటాఫ్ 144కు పడిపోయింది. హాలు నుంచి బయటికొచ్చి, ఫిజిక్స్ దగ్గరే ఇరుక్కుపోయి బయాలజీలో జవాబు తెలిసిన ప్రశ్నలు కూడా వదిలేశామని బాధపడ్డ పిల్లలు ఎందరో. 180 నిమిషాల్లో 180 ప్రశ్నలు చేయాల్సిన చోట ఆ సబ్జెక్టు పరువు నిలబెట్టుకోవాలన్న పట్టుదల చాలా ఖరీదైన పట్టుదల. మళ్లీ రాయబోయేవాళ్లకు మా సలహా ఒక్కటే, మీకు నాలుగు మార్కులు ఎక్కడ తొందరగా వస్తాయో అక్కడ ముందు తీసుకోండి. మిగిలిన టైమ్ ఫిజిక్స్‌కు ఇవ్వండి. బయాలజీలో 300 దగ్గర ఉన్నవాళ్లు 330కి వెళ్లడానికి కావాల్సింది మరో ఏడెనిమిది ప్రశ్నలు. ఫిజిక్స్‌లో అవే 30 మార్కుల కోసం ఎంత కష్టపడాలో మీకే తెలుసు.

అమెరికాలోని మన కుటుంబాల పిల్లలు రాసే మెడికల్ ప్రవేశ పరీక్ష ఎంక్యాట్ సంగతి వేరు, అక్కడి బంధువుల మాటలు విని ఇక్కడ కంగారు పడేవాళ్ల కోసం ఇది చెబుతున్నాం. ఆ పరీక్షలో నాలుగు భాగాలు, ఒక్కోదానికి 118 నుంచి 132 వరకు స్కోరు, మొత్తం 472 నుంచి 528. మెడికల్ స్కూళ్లు టోటల్‌తో పాటు నాలుగు స్కోర్లనూ చూస్తాయి, కొన్ని ఒక్కో భాగానికి కనీస స్కోరు పెట్టుకుంటాయి. కార్స్ అనే భాగంలో సైన్స్ ఉండదు, సాహిత్యం, చరిత్ర, తత్వశాస్త్రం లాంటి వాటి మీద రాసిన వ్యాసాలిచ్చి అర్థం చేసుకునే శక్తిని పరీక్షిస్తారు. కెనడాలో మెక్‌మాస్టర్ యూనివర్సిటీ అయితే ఎంక్యాట్ మొత్తంలో ఆ ఒక్క భాగాన్నే లెక్కలోకి తీసుకుంటూ వచ్చింది. మూడింట్లో 131, 129, 130 వచ్చి కార్స్‌లో 120 దగ్గర ఆగిన అబ్బాయికి టోటల్ 510 ఉన్నా కొన్ని తలుపులు మూసుకుపోతాయి. కాకపోతే అక్కడ కాలేజీ గ్రేడ్లు, రాసిన వ్యాసాలు, ఇంటర్వ్యూ అన్నీ కలిపి చూస్తారు కాబట్టి ఒక స్కోరు ఎందుకు తగ్గిందో చెప్పుకునే వీలు కొంత ఉంటుంది. ఇక్కడ అడిగేవాళ్లు లేరు, చెప్పుకోవాల్సిన పనీ లేదు.

ఇంతవరకు చెప్పింది పిల్లల ధైర్యం కోసం. అసలు మేం పట్టుబట్టాల్సిన విషయం ఇంకొకటి ఉంది. ఎగుడుదిగుడుగా రావడం వేరు, ఒక సబ్జెక్టులో ఏమీ రాకపోవడం వేరు. ఈ రెండో దాన్ని ఆపే గీత నీట్‌లో లేదు. జనరల్ వాళ్లకు 50 పర్సంటైల్, ఎస్సీ, ఎస్టీ, ఓబీసీలకు 40 పర్సంటైల్ టోటల్‌లో దాటితే అర్హత వచ్చేసినట్టే. 2025లో ఆ గీత 144, అంటే 720లో అయిదో వంతు. బయాలజీలో 45 ప్రశ్నలు కరెక్టు, 36 తప్పు అయినా సరిగ్గా 144 వస్తాయి. ఫిజిక్స్, కెమిస్ట్రీ పేపర్లు తెల్లగా వదిలేసి వచ్చినా ఆ విద్యార్థి ఎంబీబీఎస్‌కు అర్హుడే. నీట్ రాకముందు అప్పటి మెడికల్ కౌన్సిల్ (ఎంసీఐ) నిబంధన ప్రకారం జనరల్ వాళ్లకు ప్రవేశ పరీక్షలో 50 శాతం మార్కులు రావాలి. నీట్‌తో ఆ శాతం పోయి పర్సంటైల్ వచ్చింది. ఆ రెండింటి మధ్య ఉన్న దూరం ఎంతో ఈ 144 చెబుతోంది.

ఇంత తక్కువ మార్కులకు, తక్కువ ఫీజుతో దొరికే కన్వీనర్ కోటా సీటు రాదన్నది నిజమే. అక్కడ పోటీ ఎంతో అందరికీ తెలుసు. ఆ మార్కులతో సీటు దొరికేది ఏడాదికి పది లక్షలకు పైగా కట్టే బీ కేటగిరీ మేనేజ్‌మెంట్ సీట్లలో, అంతకు రెట్టింపూ అంతకు మించీ కట్టే ఎన్నారై కోటాలో, ఊరూ రాష్ట్రం దాటితే డీమ్డ్ యూనివర్సిటీల్లో. అక్కడ పైనున్న ర్యాంకువాళ్లు ఫీజు కట్టలేక తప్పుకుంటుంటే సీటు కిందికి, ఇంకా కిందికి దిగుతుంది. 2017లో చేరినవాళ్లలో ఫిజిక్స్‌లోనో కెమిస్ట్రీలోనో సున్నా, అంతకంటే తక్కువ వచ్చినవాళ్లు కూడా ఉన్నారని మరుసటి ఏడాదే జాతీయ పత్రికలు బయటపెట్టాయి. అప్పుడు కొన్నాళ్లు గొడవ జరిగి ఆగిపోయింది. నాలుగొందల పైచిలుకు తెచ్చుకుని, ఫిజిక్స్ తగ్గిందని కుమిలిపోతూ, ఫీజు కట్టే దారి లేక మళ్లీ లాంగ్‌టర్మ్‌కు వెళ్లే రైతుబిడ్డ ఒకవైపు, అందులో మూడో వంతు మార్కులతో డబ్బు కట్టి తెల్లకోటు వేసుకునేవాళ్లు ఇంకోవైపు ఉంటే, ఆ పరీక్ష ప్రతిభను వడపోస్తోందని మేం ఒప్పుకోలేం.

దీనికి మందు ఐఐటీల దగ్గరే ఉంది. జేఈఈ అడ్వాన్స్‌డ్‌లో ర్యాంకు రావాలంటే టోటల్‌లో కనీస మార్కులతో పాటు ఒక్కో సబ్జెక్టులోనూ కనీస మార్కులు రావాలి. నీట్‌లోనూ ఒక్కో సబ్జెక్టుకు పది శాతం గీత గీయమని మేం కోరుతున్నాం. ఫిజిక్స్‌లో అది 18 మార్కులు. ఆరు కరెక్టు, ఆరు తప్పు అయినా వచ్చేస్తాయి. పేపరు మరీ గట్టిగా వచ్చిన ఏడాది ఇంకాస్త తగ్గించుకునే వీలూ పెట్టుకోవచ్చు.

ఇలా గీత పెడితే పల్లెటూరి పిల్లలు, తెలుగు మీడియం పిల్లలు దెబ్బతింటారని కొందరు అంటారు. ఆ ఆందోళనను మేం తేలిగ్గా తీసుకోవడం లేదు, ఫిజిక్స్ చెప్పే దిక్కు లేని కాలేజీల గురించి పైన రాసింది మేమే. అయితే కన్వీనర్ కోటాలో సీటు తెచ్చుకునే స్థాయిలో టోటల్ ఉన్న ఏ పల్లెటూరి పిల్లకూ 18 మార్కులు అడ్డంకి కావు. గీత 18 దగ్గర ఉండాలి, 60 దగ్గర కాదు అని మేం అనేది కూడా అందుకే. ఇక సీట్లు మిగిలిపోతాయని ప్రైవేటు కాలేజీలు అంటాయి. 2023లో నీట్ పీజీ కటాఫ్‌ను ఏకంగా సున్నా పర్సంటైల్‌కు దించింది ఆ వాదన విన్నందుకే. లక్షా పదివేలకు మించి ఎంబీబీఎస్ సీట్లున్న దేశంలో 12 లక్షల మందికి పైగా అర్హత సాధిస్తుంటే మనుషులు లేక సీటు మిగిలిందనడం కుదరదు. మిగిలితే ఫీజు వల్ల మిగులుతుంది, అప్పుడు తగ్గించాల్సింది ఫీజును.

నేషనల్ మెడికల్ కమిషన్ ఈ మార్పును వచ్చే నోటిఫికేషన్‌కు ముందే, పిల్లలు ప్రిపేరవ్వడానికి ఏడాది వ్యవధి ఉండేలా ప్రకటించాలి. రెండు రాష్ట్రాల ఇంటర్ బోర్డులు బైపీసీ ఫస్టియర్‌లో జూన్ నుంచి కనీసం ఆరు వారాల పాటు ఫిజిక్స్‌కు కావాల్సిన లెక్కలు విడిగా చెప్పించాలి, దానికి కొత్త పుస్తకం కూడా అక్కర్లేదు, ఎంపీసీ పుస్తకంలోని నాలుగైదు అధ్యాయాలు చాలు. ప్రభుత్వ జూనియర్ కాలేజీల్లో ఖాళీగా ఉన్న ఫిజిక్స్ పోస్టులను కాలేజీలు తెరిచే నాటికి నింపాలి.

ర్యాంకు కార్డు చేతిలో పెట్టుకున్న పిల్లలు వెబ్ ఆప్షన్లకు ముందు చూసుకోవాల్సింది ఒకటే, పోయిన ఏడాది మీ కేటగిరీలో, మీ లోకల్ ఏరియాలో ఏ కాలేజీలో చివరి సీటు ఏ ర్యాంకుకు వచ్చిందని. ఆ జాబితాలో ఫిజిక్స్ మార్కులకు గడి ఉండదు.