ఎగరవద్దని చెప్పే అధికారం ఎవరిది?

స్కాట్ క్రాస్‌ఫీల్డ్ కంటే అనుభవజ్ఞుడైన పైలట్‌ను వెతికి పట్టుకోవడం కష్టం. 1953లో ధ్వని వేగానికి రెట్టింపు వేగంతో ప్రయాణించిన మొదటి మనిషి ఆయన. ఎక్స్-15 రాకెట్ విమానాన్ని తొలిసారి నడిపి పరీక్షించిందీ ఆయనే. 2006 ఏప్రిల్ 19న, 84 ఏళ్ల వయసులో, ఒక చిన్న సెస్నా 210లో అలబామా నుంచి వర్జీనియాకు ఒంటరిగా బయలుదేరారు. జార్జియా మీదికి వచ్చేసరికి ఉరుముల మేఘాలు ఎదురయ్యాయి. దక్షిణానికి తిరుగుతానని నేల మీది నుంచి విమానాలకు దారి చూపే కంట్రోలర్‌ను అడిగారు. అనుమతి వచ్చింది. ఆ కాసేపటికే విమానం రాడార్ తెర మీద నుంచి మాయమైంది. శకలాలు అడవిలో దొరికాయి. తాజా వాతావరణ సమాచారం ఆయన తెప్పించుకోలేదని, ఆ ఉరుముల మేఘాలను తప్పించుకోవడానికి కంట్రోలర్ సాయపడలేదని అమెరికా రవాణా భద్రతా బోర్డు తేల్చింది. అంతటివాడికే తప్పలేదు కాబట్టి, ‘మా పైలట్‌కు చాలా అనుభవం ఉంది’ అనే మాటను, చెడు వాతావరణంలో మన నాయకులు చిన్న విమానాల్లో, హెలికాప్టర్లలో ఎగరాలా వద్దా అనే ఈ చర్చ నుంచి తీసి పక్కన పెట్టాలి.

క్యుములోనింబస్ అనే ఉరుముల మేఘం అంటే ఏమిటో తెలుగువాళ్లకు కొత్తగా చెప్పనక్కర్లేదు. 2009 సెప్టెంబరు 2 ఉదయం బేగంపేట నుంచి చిత్తూరు జిల్లాకు బయలుదేరిన ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి హెలికాప్టర్ నల్లమలలో పావురాలగుట్ట మీద కూలింది. ఆయనతో కలిపి ఐదుగురు పోయారు. జాడ మర్నాడు ఉదయం గానీ తెలియలేదు. ఆ ప్రమాదంపై విచారణ జరిపిన ఆర్.కె. త్యాగి కమిటీ చెప్పిన కారణాన్ని ఇప్పుడు చాలామంది మరిచిపోయారు. హెలికాప్టర్ బలమైన అధోముఖ గాలిలో, అంటే పైనుంచి కిందికి తోసే గాలిలో చిక్కుకుని అదుపు తప్పింది. అంతకుముందు కీలకమైన నిమిషాల్లో పైలట్లు హెలికాప్టర్‌లోని ఒక లోపాన్ని సరిచేసే పనిలో తలమునకలై ఉన్నారు. ఎదుట వాతావరణం చెడుతున్నా వెనక్కి తిరగలేదు.

ఈ అధోముఖ గాలి సంగతి కాస్త వివరంగా చూడాలి. చిన్న విమానానికి ఉరుముల మేఘం దగ్గర దారి ఎందుకు ఉండదో అక్కడే అర్థమవుతుంది. ఈ మేఘాలు మన ప్రాంతంలో 15 కిలోమీటర్ల ఎత్తు దాటి పెరుగుతాయి. సెస్నా 172 లాంటి చిన్న విమానం అందులో మూడో వంతు ఎత్తుకు కూడా చేరలేదు. కాబట్టి పైనుంచి దాటడమనే మాటే లేదు. కింద నుంచి పోదామంటే అసలు గండం అక్కడే ఉంది. వాన చినుకులు ఆవిరవుతూ చుట్టూ ఉన్న గాలిని చల్లబరుస్తాయి. బరువెక్కిన ఆ గాలి ఒక్కసారిగా కిందికి పడి, నేలను తాకి నలువైపులా చిమ్ముతుంది. దాని వేగం నిమిషానికి 6,000 అడుగుల దాకా ఉండవచ్చు. సెస్నా 172 తన శక్తినంతా కూడగట్టుకుని పైకి ఎక్కగలిగేది నిమిషానికి సుమారు 700 అడుగులు. ఇక్కడ పైలట్ నైపుణ్యం చేయగలిగేది ఏమీ లేదు. ఇది కేవలం లెక్క.

పైగా ఆ గాలి మోసం చేస్తుంది. మొదట ఎదురుగాలి తగిలి విమానం తేలికగా లేస్తుంది, వేగం పెరిగినట్టు కనిపిస్తుంది. పైలట్ ఇంజను శక్తి తగ్గిస్తాడు. మరుక్షణం నెత్తిన గాలి పడుతుంది. దాన్నుంచి బయటపడేలోపు వెనక నుంచి గాలి తోస్తుంది, విమానాన్ని పైన నిలిపే రెక్కల బలం పోతుంది. 1985 ఆగస్టు 2న డల్లాస్‌లో దిగబోతున్న డెల్టా 191 విమానం ఇలాగే కూలి 137 మంది చనిపోయారు. అది చిన్నది కాదు, లాక్‌హీడ్ భారీ జెట్. ఆ తర్వాత పెద్ద విమానాల్లో, విమానాశ్రయాల్లో గాలి వేగం హఠాత్తుగా మారడాన్ని పసిగట్టే పరికరాలు వచ్చాయి. మన ఊరి కళాశాల మైదానంలో సున్నంతో గీసిన హెలిప్యాడ్‌కు అలాంటివి ఏవీ లేవు.

తీవ్రమైన ఉరుముల మేఘానికి కనీసం 20 మైళ్లు ఎడంగా ఉండాలన్నది అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ సలహా. మన భాషలో చెప్పాలంటే, విజయవాడ మీద ఉరుముతుంటే గుంటూరు ఆకాశం కూడా ప్రమాదకరమే.

పరికరాలు మెరుగుపడ్డాయని, కాక్‌పిట్‌లోనే రాడార్ చిత్రాలు కనిపిస్తున్నాయని, మచిలీపట్నంలో, విశాఖపట్నంలో, హైదరాబాద్‌లో మేఘాల కదలికను పసిగట్టే డాప్లర్ రాడార్లు ఉన్నాయని కొందరంటారు. నిజమే, ఉన్నాయి. అయితే తెర మీది చిత్రం చూపిస్తున్న సమయం కంటే వాస్తవంలో 15 నుంచి 20 నిమిషాలు పాతది కావచ్చని 2012లో అమెరికా భద్రతా బోర్డు పైలట్లను హెచ్చరించింది. అంత వ్యవధిలో ఒక ఉరుముల మేఘం పుట్టి, పెరిగి దారికి అడ్డం రాగలదు. మేఘాల సందులు చూసుకుంటూ దూరిపోవడానికి ఆ బొమ్మను నమ్ముకుంటే ఎదురుగా లేని దారిలోకి వెళ్తున్నట్టే.

అసలు ప్రమాదం నేల మీద, ప్రయాణ షెడ్యూలులో మొదలవుతుందని నా వాదన. 2001 సెప్టెంబరు 30న కాంగ్రెస్ నేత మాధవరావ్ సింధియా కాన్పూర్ సభకు వెళ్తూ చిన్న విమానంలో మరణించారు. ఆ రోజు వాతావరణం బాగాలేదు. రాజశేఖరరెడ్డి వెళ్తున్నది రచ్చబండకు. ఆ పైలట్లను ఎవరో ఒత్తిడి చేశారని నేను అనడం లేదు. ఒత్తిడికి మాటలు అక్కర్లేదు. సభావేదిక మీద నుంచి ‘మరికొద్ది సేపట్లో మన ప్రియతమ నాయకుడు’ అని వినిపిస్తూనే ఉంటుంది. హెలిప్యాడ్ దగ్గర ఆర్డీవో, డీఎస్పీ, అగ్నిమాపక శకటం, అంబులెన్సు వేచి ఉంటాయి. చట్టం ప్రకారం తుది నిర్ణయం పైలట్‌దే. కానీ జీతమిచ్చేవాళ్లు ఒకరు, వెనక సీట్లో అధికారం ఒకరు ఉన్నప్పుడు ఆ ఒంటరి మనిషి మీద ఆ భారం మోపి చేతులు కడుక్కోవడం అన్యాయం.

వద్దు అని చెప్పిన మనిషిని మనం ఎక్కడ గౌరవించాం? 2019 సెప్టెంబరు 15న వరద గోదావరి మీదికి పర్యాటక బోటు బయలుదేరింది. ఆపవలసినవారు ఆపలేదు. కచ్చులూరు దగ్గర అది మునిగి పదుల సంఖ్యలో ప్రాణాలు పోయాయి. పొంగే వాగులోకి బస్సు దించే డ్రైవరు ధైర్యవంతుడు, ఆపేసినవాడు పిరికివాడు. పెద్దవారి కార్యక్రమం వాయిదా వేయమన్న అధికారికి బదిలీ భయం. ఆకాశంలోనైనా, నది మీదనైనా మనవాళ్లను చంపుతున్నది ఈ అలవాటే. మాట చెల్లని చోట నైపుణ్యం ఎంతున్నా వృథా.

అందుకే నిర్ణయాన్ని విమానం ఎక్కేవాళ్ల చేతుల్లోంచి తీసేయాలి. వీఐపీ ప్రయాణానికి రెండు గంటల ముందు, తర్వాత బయలుదేరే నిమిషంలో, విమానం నడిపే సంస్థతోనూ ప్రయాణించే నాయకుడి పార్టీతోనూ సంబంధం లేని అధికారి వాతావరణం చూసి లిఖితపూర్వకంగా అనుమతించాలి లేదా నిరాకరించాలి. నిరాకరణను తిరగదోడే అధికారం ముఖ్యమంత్రికి కూడా ఉండకూడదు. ప్రతి పర్యటన పత్రంలో రోడ్డు మార్గం, దానికి పట్టే సమయం ముందే రాసి ఉండాలి. నిరాకరించిన ప్రయాణాల జాబితాను మూడు నెలలకోసారి ప్రజల ముందు పెట్టాలి. వచ్చే ఎన్నికల షెడ్యూలు వెలువడే రోజుకే ఈ నిబంధన అమలులో ఉండాలి.