పది కిలోమీటర్ల అలక

విజయనగరంలో ఊరికే పరిగెత్తడం కుదరదు. నడక వరకూ పర్లేదు. పెద్ద చెరువు గట్టు మీద, కోట చుట్టూ తెల్లారగట్ట నడిచేవాళ్ళు బోలెడుమంది, సగం మంది షుగరు వాళ్ళే, ఎవరూ ఎవర్నీ ఏమీ అడగరు. అదే పరిగెత్తారో, ఇక అయిపోయారు. దొంగైనా అయ్యుండాలి, బస్సైనా తప్పిపోతూ ఉండాలి, లేదా ఇంట్లో ఎవరికో సీరియస్‌గా ఉండాలి. "ఏటైంది బాబూ?" అని అడిగేవాడు ఒకడు, అడక్కుండానే బండి ఆపి "ఎక్కండి, దింపీస్తాను" అనేవాడు ఇంకొకడు. ఈ సంగతి మా పెద్ద బావకి ఎవరూ చెప్పలేదు.

పెద్ద బావంటే మా పెదనాన్న పెద్దల్లుడు. కాకినాడ మనిషి, హైదరాబాదులో ఉద్యోగం. మొన్న మొన్నటి దాకా లిఫ్టు పనిచెయ్యకపోతే ఇంట్లోంచే పని చేస్తానని ఆఫీసుకి మెసేజ్ పెట్టే రకం, ఇప్పుడు హాఫ్ మారథాన్ అంటూ 21 కిలోమీటర్లు పరిగెత్తడానికి డబ్బు కట్టి మరీ పేరు రాయించుకున్నాడు. ఎవరూ తరమకుండా, పైగా మనమే ఎదురు డబ్బిచ్చి పరిగెత్తడం ఏమిటో మా బామ్మకి ఇప్పటికీ అంతు పట్టలేదు. ఏ రోజు ఎంత దూరమో అంతా చేతి వాచీలో రాసి ఉంటుంది, ఆ వాచీ ఏం చెబితే అదే వేదం. పెదనాన్న షష్టిపూర్తి ఫాల్గుణంలో ఒక ఆదివారం పడింది. వాచీ ప్రకారం ఆ ఆదివారం పది కిలోమీటర్లు.

ముందురోజు రాత్రి భోజనాల దగ్గర బావ మాటల్లో మాటగా, పాట వింటూ పరిగెడితే అలుపు తెలీదండీ మావయ్యగారూ, నిమిషానికి 170 అడుగులు పడాలి, దానికి సరిపోయే బీటు దొరకడమే కష్టం అన్నాడు. ఎవరి దగ్గర అన్నాడు! మా పెదనాన్న గ్యాస్ సిలిండరు తెచ్చినవాణ్ణి కూడా నిలబెట్టి, మన సంగీత కళాశాల 1919లో పెట్టారయ్యా, ఆదిభట్ల నారాయణదాసుగారు తొలి ప్రిన్సిపాల్, ద్వారం వెంకటస్వామినాయుడుగారు ఇక్కడే వయొలిన్ చెప్పారు, ఘంటసాల ఇక్కడే చదువుకున్నాడు అని చెప్పి గానీ డబ్బులివ్వడు. బీటు లేదంటే ఊరుకుంటాడా? తన స్నేహితుడు మా ఇంటి కచేరీలో వాయించిన తని ఆవర్తనాలన్నీ, అంటే మృదంగం ఒక్కటే మోగే ముక్కలన్నీ, అప్పటికప్పుడు బావ ఫోన్లోకి ఎక్కించాడు. "ఇవి విని పరిగెత్తండి అల్లుడుగారూ, మీకు కాళ్ళున్న సంగతే గుర్తుండదు."

తెల్లారగట్ట నాలుగున్నరకి బావ నిక్కరూ బనీనూ వేసుకుని పెరటి గుమ్మం దగ్గర బూట్ల తాళ్ళు కట్టుకుంటున్నాడు. అక్కడే గాడిపొయ్యి వెలిగించి వంటవాళ్ళు హడావుడి పడుతున్నారు. కళ్ళజోడు లేకపోతే మా బామ్మకి ఎదురుగా ఉన్నది మనిషో స్తంభమో తెలీదు. నిక్కరూ బనీనూ కనపడేసరికి వంట కుర్రాడనుకుంది.

"ఒరే అబ్బాయ్, ఇంకా ఇక్కడే కూలబడ్డావేమిట్రా? పోయి పనసకాయ తే, పో! ఎప్పుడు పొట్టు కొడతారు, అది ఎప్పుడు ఉడుకుతుంది, ఎప్పుడు చల్లారుతుంది, ఎప్పుడు ఆవ పెడతారు?"

బామ్మ కంగారులో న్యాయం ఉంది. పనసపొట్టు కూరకి తొందర పనికిరాదు, వేడి మీద ఆవ కలిపారంటే చేదెక్కి కూరంతా పాడవుతుంది. మా ఇంట్లో శుభకార్యం బాగా జరిగిందో లేదో పురోహితుడు తేల్చడు, పొట్టు కూర మొదటి ముద్దకి ఆవ ఘాటు ముక్కులోకి ఎక్కిందా లేదా అన్నదాన్ని బట్టి తేలుతుంది. అయితే పొట్టు ముందురోజు సాయంత్రమే కొట్టించి, తడిబట్ట కప్పి వంటింట్లో పెట్టేశారు. అది బామ్మకీ తెలీదు, బావకీ తెలీదు. అత్తవారింట్లో పెద్దావిడ చనువుగా "ఒరే" అని పిలిచి పని చెప్పినందుకు పొంగిపోయి "అలాగేనండి బామ్మగారూ" అని పరుగందుకున్నాడు. బామ్మకి చెవులు కూడా అంతంతమాత్రమే.

దసరా వెళ్ళిన మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమాను మూడు లాంతర్ల దగ్గర గుడి నుంచి కోట దాకా మూడుసార్లు తిరుగుతుంది. తెలిసిన దారి కదా అని బావ కూడా దాన్నే పట్టుకున్నాడు, గుడి నుంచి కోటకి, కోట నుంచి గుడికి. సిరిమాను మూడుసార్లతో ఆగుతుంది, ఈయన ఆగలేదు. గుడి దగ్గర పూలమ్మే ఆవిడ ఇదేదో పెద్ద మొక్కే అనుకుని ఓ దశలో దణ్ణం కూడా పెట్టిందట.

మృదంగం ఆది తాళంలో ఉన్నంతసేపూ ఇబ్బంది లేదు. ఎనిమిది దెబ్బలు, రెండు కాళ్ళు, సమం, అంటే తాళం మొదటి దెబ్బ, వచ్చినప్పుడల్లా కుడికాలే పడుతుంది. తర్వాతది మిశ్రచాపు. ఏడు దెబ్బలు. ఒక ఆవర్తం కుడికాలితో మొదలైతే రెండోది ఎడమకాలితో మొదలవుతుంది. బావ పద్ధతైన మనిషి, సమం మీద కుడికాలే పడాలని పట్టుపట్టి ఏడు అడుగులకోసారి ఒక చిన్న గెంతు గెంతడం మొదలుపెట్టాడు. ముక్తాయింపు దగ్గరికొచ్చేసరికి మృదంగం జోరెక్కుతుంది కదా, బావా జోరెక్కేవాడు, మూడోసారి వాయించి ముగించగానే నడిరోడ్డు మీద టక్కున ఆగిపోయేవాడు. నారాయణదాసుగారు కాళ్ళతో రెండు, చేతులతో రెండు, తలతో ఒకటి, మొత్తం అయిదు తాళాలు ఒకేసారి వేసేవారని చెబుతారు. ఆయన తిరిగిన ఊళ్ళో మా బావ రెండు కాళ్ళకీ కలిపి ఒక్క తాళం సరిపెట్టలేక నానా అవస్థా పడుతుంటే ఆటోవాళ్ళు టీ గ్లాసులు పట్టుకుని చూస్తూ నిలబడ్డారు.

ఇంటికి మొదటి కబురు పాలబ్బాయి తెచ్చాడు. "అల్లుడు బాబు కోట కాడ పరిగెడతన్నారండి. పిలిస్తే పలకనేదు."

పలకలేదు అన్న మాటకి మా ఇంట్లో ఒకటే అర్థం. దొడ్డమ్మ చేతిలో పసుపు గిన్నె పక్కన పెట్టేసింది. ఇంతలో గుమ్మానికి పూలదండలు తెచ్చినావిడ "మొగం ఎర్రగా కందిపోనాదమ్మా, ఏడిసినట్టున్నారు" అని ఇంకో ముక్క వేసింది. ఆరున్నరకి సన్నాయి మేళం దిగింది. రైలు దిగి వస్తుంటే స్టేషన్ ముందు పెద్దల్లుడుగారు పరిగెడుతూ కనపడ్డారని, వీళ్ళు నమస్కారం పెడితే ఒక్క గెంతు గెంతి వెళ్ళిపోయారని డోలు ఆయన చెప్పాడు. "పొరపాటు పడ్డారేమో" అంటే "పెళ్ళికి మేవే కదండీ వాయించాం, ఆమాత్రం పోల్చుకోలేమా" అని నొచ్చుకున్నాడు.

ఇంకేముంది, రాత్రి నుంచి జరిగిన అవమానాల జాబితా బయటికొచ్చింది. ఏసీ గది చంటిపిల్ల ఉందని చిన్నల్లుడికి ఇచ్చారు, పెద్దల్లుణ్ణి ఫ్యాను గదిలో పడుకోబెట్టారు. ఆ ఫ్యాను చప్పుడు వీధి చివరికి వినపడుతుంది. ఆవడలు వడ్డించేటప్పుడు ఆయన దగ్గరికొచ్చేసరికి గిన్నెలో పెరుగే మిగిలింది. ఇవన్నీ వింటూ కూర్చున్న బామ్మ ఉన్నట్టుండి "నిక్కరు వేసుకున్నాడా?" అని అడిగింది. అవునన్నారు. బామ్మ నెత్తి మీద చెయ్యి పెట్టుకుంది. "వంటకుర్రాడనుకున్నానే! ఒరే అన్నానే! పనసకాయ తెమ్మన్నానే!"

దొడ్డమ్మ కూలబడిపోయింది. వియ్యాలవారు అప్పటికే కాకినాడ నుంచి కారులో బయల్దేరారు.

మా అక్క జడ అల్లుకుంటూ "ఆయన పరిగెత్తడానికే వెళ్ళారమ్మా, అయిపోగానే వస్తారు" అంటూనే ఉంది. "నీకు తెలీదు, నువ్వూరుకో" అన్నారందరూ. పెళ్ళాం మాట కంటే పాలబ్బాయి మాటకే విలువ.

నన్ను స్కూటరు తియ్యమన్నారు. వెనకాల బాబాయి, బాబాయి ఒళ్ళో ఫ్లాస్కుతో కాఫీ. అలిగినవాడికి ముందు కాఫీ ఇవ్వాలిట, తర్వాతే మాటలుట, బాబాయి సొంత అనుభవం. ఆయన పెళ్ళిలో అలిగి సైకిలు సాధించినవాడు.

బజారు దాటాక కనపడ్డాడు బావ. భుజం మీద పనసకాయ. పొట్టు కొట్టేవాడు ఇంకా రాలేదట, కాయలు మాత్రం అప్పుడే దింపుతున్నారట, ఒకటి కొనుక్కుని ఎత్తుకున్నాడు. నాలుగు కేజీలకి తగ్గదు. కోసిన తొడిమ నుంచి పాలు కారి వేళ్ళకి, మణికట్టుకి జిగురు పట్టేసింది. చెవిలో ఉన్నవి తీద్దామంటే చెయ్యి జుట్టుకి అంటుకుంటుంది, ఫోను ముట్టుకుంటే ఫోను అంటుకుంటుంది. మృదంగం మాత్రం మోగుతూనే ఉంది.

"అల్లుడుగారూ, ఆగండి! పెద్దావిడ, కళ్ళు కనపడవు, మనసులో పెట్టుకోకండి!" అని అరిచాడు బాబాయి.

బావ మమ్మల్ని చూసి నవ్వి, తాళానికి తలూపుతూ ముందుకి పోయాడు.

"చూశావా, కుదరదంటున్నాడు."

"వినపడటం లేదు బాబాయ్, చెవుల్లో అవి ఉన్నాయి."

"అలిగినవాడికి ఎలా వినపడుతుందిరా, నాకు తెలీదా? నువ్వు పక్కకి పోనీ." పక్కకి పోనిచ్చాను. "మీకేం కావాలో నాతో చెప్పండి! అన్నయ్యతో నేను మాట్లాడతాను!"

ఎందుకు ఆగట్లేదని అడుగుతున్నామనుకున్నాడు బావ. చెయ్యెత్తి వాచీ చూపించాడు. తర్వాత ఒక వేలు చూపించాడు. ఇంకో కిలోమీటరు ఉందని దానర్థం.

బాబాయి నా వీపు మీద చరిచాడు. "వాచీరా! వాచీ అడుగుతున్నాడు. ఒక్కటి చాలుట. పాపం, నెమ్మదైనవాడు."

ముందు బావ, వెనక స్కూటరు మీద మేం, ఇంటి వీధిలోకి తిరిగేసరికి ఇల్లంతా గుమ్మం ముందు ఉంది. దొడ్డమ్మ చేతిలో హారతి పళ్ళెం. సన్నాయి ఆయన ఎవరూ చెప్పకుండానే అందుకున్నాడు. బావ గుమ్మం దాకా వచ్చాడు, వాచీ చూసుకున్నాడు, 9.6 ఉంది, గుమ్మం దాటుకుని వెళ్ళిపోయాడు. షామియానా కింద ఒక్కసారిగా "అయ్యయ్యో" అన్నారు. వీధి చివర విద్యుత్ స్తంభం చుట్టూ తిరిగి మళ్ళీ వచ్చాడు. 9.8. మళ్ళీ వెళ్ళాడు. హారతి కొండెక్కిపోయింది. మూడోసారి వచ్చినప్పుడు వాచీ కుయ్యిమంది, బావ ఆగాడు, పనసకాయ తెచ్చి బామ్మ కాళ్ళ దగ్గర పెట్టాడు.

"ఆలస్యమైందాండీ?"

బామ్మ ఒకటే ఏడుపు.

జిగురు నీళ్ళకి వదలదు, నూనెకే వదులుతుంది. పెదనాన్న మంగళస్నానానికి వెచ్చబెట్టిన నువ్వుల నూనె సగం బావ చేతులకే ఖర్చయింది, మిగతాదాంట్లో కొంత వాచీలోకి దిగింది. అంతటితో ఆ వాచీ పని అయిపోయింది. ఒక బొత్తామూ నొక్కుకోదు. "ఎలాగూ పాడైపోయి ఉందన్నమాట, అందుకే అడిగాడు" అన్నాడు బాబాయి, ఇక ఆయన్ని ఆపడం ఎవరి తరమూ కాలేదు.

హోమం, మాంగల్యధారణ వేళకే అయ్యాయి. పొట్టు కూరలో ఆవ అదిరింది, కాకినాడ వియ్యపురాలు రెండోసారి అడిగి వేయించుకున్నారు, మిగిలిపోయిన పనసకాయ ఆవిడ కారు డిక్కీలో వెళ్ళింది. సాయంత్రం చదివింపుల దగ్గర బాబాయి లేచి, గంటస్తంభం దగ్గర ఎవరితోనో ఆదివారం కొట్టు తెరిపించి మరీ తెచ్చిన బంగారు రంగు వాచీని అందరిముందూ పెద్దల్లుడుగారి చేతికి పెట్టాడు. బావ అయోమయంగా అక్క వైపు చూశాడు. తీసేసుకోండి అన్నట్టు కళ్ళతోనే చెప్పింది అక్క.

చిన్న బావ ఇదంతా ఏసీ గది గుమ్మంలో నిలబడి చూశాడు. రాత్రి నా పక్కన కూర్చుని మెల్లిగా "మొత్తం ఎన్ని కిలోమీటర్లు?" అని అడిగాడు.

మర్నాడు తెల్లారగట్ట ఆయన మా నాన్న కాన్వాసు బూట్లు వేసుకుని స్టేషన్ వైపు బయల్దేరాడు. వెనక్కి చూసుకుంటూ, బాగా నెమ్మదిగా. పాలబ్బాయి ఎదురై పలకరించబోతే మొహం తిప్పుకున్నాడట కూడా. ఏడున్నర దాకా ఎవరూ వెతకలేదు. స్టేషన్ దగ్గర బండి మీద ఇడ్లీలు తిని, ఆటో ఎక్కి వచ్చేశాడు. ఆటోకి డబ్బులు కూడా నేనే ఇచ్చాను.